టెక్నాలజీ ఇష్టపడేవాళ్ల కోసం అపార్ట్‌మెంట్ ఎలా కట్టాలి? స్లాబ్ పోయకముందే తేల్చుకోవాల్సిన పనులు

హైదరాబాద్‌లో నల్లగండ్ల, మియాపూర్, తెల్లాపూర్ వైపు స్థలం డెవలప్‌మెంట్‌కు ఇచ్చినవాళ్లు, చిన్న బిల్డర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: "కొనేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్లే అండీ. వాళ్లకు నచ్చాలంటే ఏం పెట్టాలి?" అడుగుతూనే బ్రోషర్ చూపిస్తారు. ఫోన్‌తో తెరుచుకునే తాళం, మాట చెబితే వెలిగే లైట్లు, లాబీలో పెద్ద స్క్రీన్.

ఆ వస్తువులు ఎంచుకోవడం కొనేవాళ్లకు మీకంటే బాగా తెలుసు. పైగా ఐదారేళ్లలో అవి పాతబడిపోతాయి. వాళ్లు తర్వాత ఎంత డబ్బు పెట్టినా సులువుగా తెచ్చుకోలేనివి వేరే ఉన్నాయి: గోడలో పైపు, ఖాళీ షాఫ్ట్ (కింది నుంచి పైదాకా వెళ్లే నిలువు సందు), మంచి ఎర్తింగ్, పార్కింగ్ దాకా కరెంటు దారి, గాలి ఆడే ఒక పని గది. ఇవన్నీ మీ చేతిలోనే ఉన్నాయి, అదీ స్లాబ్ పోసేదాకా మాత్రమే.

లెక్కలు సులువుగా ఉండటానికి స్టిల్ట్ (స్తంభాల మీద వదిలిన పార్కింగ్ అంతస్తు) మీద 5 అంతస్తులు, అంతస్తుకు 4 చొప్పున 20 ఫ్లాట్ల బిల్డింగ్ అనుకుందాం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఎలక్ట్రికల్ డ్రాయింగ్, దానికి విడిగా డేటా డ్రాయింగ్. రెండూ ఒకే షీట్ మీద గీస్తే సైట్‌లో డేటా పైపులు మర్చిపోతారు. ఇది దాదాపు ప్రతి చోటా చూశాను.
- ఎలక్ట్రీషియన్ కాక, నెట్‌వర్క్ పని తెలిసిన మనిషి ఒకరు. రెండు మూడు సార్లు సైట్‌కు వస్తే చాలు.
- 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, లోతైన జంక్షన్ బాక్సులు, పైపు మూతలు, వైరు లాగడానికి నైలాన్ తాడు.
- పూర్తి రాగితో చేసిన క్యాట్ 6 కేబుల్ (ఇంటర్నెట్‌కు వాడే వైరు), సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుతురుతో డేటా మోసే సన్నని గాజు తీగ).
- ఎర్త్ టెస్టర్, మల్టీమీటర్, కేబుల్ టెస్టర్, ఆప్టికల్ పవర్ మీటర్ (ఫైబర్‌లో వెలుతురు బలం కొలిచేది). కొనక్కర్లేదు, పని చేసేవాళ్ల దగ్గర ఉన్నాయో లేదో ముందే అడగండి.
- ఫోటోలు తీయడానికి ఒక ఫోన్, ఒక టేపు.

1. ఎవరు ఉంటారో రాసుకోండి

ఒక్క పేజీ చాలు. ఇంట్లో ఇద్దరూ ఒకేసారి కాల్స్‌లో ఉండేవాళ్లు, ఇంట్లో సర్వర్ పెట్టుకునేవాళ్లు, గేమ్స్ ఆడేవాళ్లు, సోల్డరింగ్, డ్రోన్లు, త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్లు, ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు. ఒక్కొక్కరికి ఏం కావాలో ఎదురుగా రాయండి. స్విమ్మింగ్ పూల్ వేయాలా వద్దా అన్న చర్చ చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

2. డేటాకు విడి షాఫ్ట్, కింద ఒక టెలికాం గది

లిఫ్ట్ లేదా మెట్ల పక్కన, కింది నుంచి టెర్రస్ దాకా, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న షాఫ్ట్ ఒకటి డేటాకే వదలండి. ప్రతి అంతస్తులో తలుపు ఉండాలి. కరెంటు కేబుళ్లు ఇందులో వేయనివ్వకండి. స్లాబ్‌లో రంధ్రం పడ్డ ప్రతి చోటా కేబుళ్లు వేశాక ఫైర్ సీలెంట్‌తో మూయాలి. లేకపోతే నిప్పు అంటుకున్న రోజు ఆ షాఫ్ట్ పొగగొట్టంలా పనిచేస్తుంది.

కింద ఆరడుగులకు ఆరడుగుల టెలికాం గది కావాలి. సంపు పక్కన, మోటారు గదిలో, ర్యాంపు కింద వద్దు. హైదరాబాద్ వానకు సెల్లార్‌లో నీళ్లు చేరడం మనకు కొత్త కాదు. నేల కంటే కనీసం అడుగున్నర ఎత్తులో పరికరాలు పెట్టండి, గదికి సొంత యూపీఎస్ ఇవ్వండి.

ఆ గది నుంచి ప్రతి ఫ్లాట్‌కూ రెండు కోర్ల సింగిల్ మోడ్ ఫైబర్ మీరే వేయించండి. ఏ కంపెనీ వచ్చినా కింద గదిలోనే కలుపుకొని పోవాలి. ఇంటర్నెట్ కంపెనీ ఒకటి "వైరింగ్ ఉచితంగా వేస్తాం, బిల్డింగ్ మాకే రాసివ్వండి" అంటే ఒప్పుకోకండి. అలా రాసిచ్చిన ఒక బిల్డింగ్‌లో కనెక్షన్ పడిపోయిన రోజున 20 ఇళ్లకూ దిక్కు లేకపోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు రెండో కనెక్షన్ అత్యవసరం.

లిఫ్ట్‌లో, స్టిల్ట్‌లో మొబైల్ సిగ్నల్ రాకపోవడం మామూలే. తర్వాత యాంటెన్నాలు పెట్టుకోవడానికి షాఫ్ట్ నుంచి ప్రతి లాబీ సీలింగ్‌కూ ఒక ఖాళీ పైపు వదలండి. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. ఈ పనులు చేసి ఉంటే రేపు ఆ రేటింగ్‌కు వెళ్లాలన్నా ఇబ్బంది ఉండదు.

3. ఫ్లాట్ లోపల పైపులు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. నిదానంగా చదవండి.

ముందు డేటా బాక్స్ ఎక్కడో తేల్చండి. సాధారణంగా మెయిన్ డోర్ వెనక, చెప్పుల స్టాండ్ పైన ఇనుప డబ్బా పెట్టి, వైఫై రౌటర్ అందులోనే కూర్చోబెడతారు. ఇనుప డబ్బా సిగ్నల్‌ను మింగేస్తుంది, మిగిలింది కాంక్రీటు గోడలు ఆపేస్తాయి. బాక్స్ అక్కడే ఉండనివ్వండి, కానీ అందులో ఫైబర్ డబ్బా, నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైన్‌ను అన్ని గదులకూ పంచే పెట్టె) మాత్రమే ఉండాలి. వైఫై ఇచ్చే పరికరం హాలు లేదా ప్యాసేజ్ సీలింగ్‌కు రావాలి. దానికి బాక్స్ నుంచి ఒక క్యాట్ 6 కేబుల్ వేయండి. కేబుల్‌లోనే కరెంటు పంపే రకం (పీఓఈ) స్విచ్ పెడితే కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్తుంది. బాక్స్‌కు గాలి రంధ్రాలు, రెండు సాకెట్లు, కనీసం 5 అంగుళాల లోతు ఉండాలి.

పాయింట్లు ఇలా ఇవ్వండి: ప్రతి బెడ్‌రూమ్‌కూ 2, టీవీ వెనక 2, చదువుకునే లేదా పనిచేసే టేబుల్ దగ్గర 4, సీలింగ్‌లో 1, మెయిన్ డోర్ బయట కెమెరాకు 1.

ప్రతి గది నుంచీ పైపు నేరుగా డేటా బాక్స్‌కు రావాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి, అక్కడి నుంచి మరో గదికి గొలుసులా కలపకూడదు. 25 మిల్లీమీటర్ల పైపులో నాలుగు కేబుళ్లు దాటనివ్వకండి. ఐదోది బలవంతంగా లాగితే లోపల జతలుగా మెలేసిన తీగలు సాగిపోతాయి, వేగం పడిపోతుంది, కారణం ఎవరికీ దొరకదు. రెండు వంపుల కంటే ఎక్కువ వస్తే మధ్యలో జంక్షన్ బాక్స్ పెట్టండి. కరెంటు పైపుకూ డేటా పైపుకూ మధ్య అడుగు దూరం ఉంచండి. రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

కేబుల్ విషయం. క్యాట్ 6 మీద 1 గిగాబిట్ 100 మీటర్ల దాకా వెళ్తుంది, 10 గిగాబిట్ దాదాపు 55 మీటర్ల దాకా వెళ్తుంది. ఫ్లాట్ లోపల 30 మీటర్లు దాటే సందర్భం అరుదు కాబట్టి ఖరీదైన క్యాట్ 7 అక్కర్లేదు. అసలు ప్రమాదం నకిలీతో. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసి క్యాట్ 6 పేరుతో అమ్ముతారు. బ్లేడుతో తీగను గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే డబ్బా వెనక్కి పంపేయండి. దాని మీద కరెంటు పంపితే వోల్టేజి పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది.

స్లాబ్ పోసే రోజు పైపుల చివరలకు మూతలు ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. నేను చూసిన ఒక సైట్‌లో మూతలు పెట్టకుండానే స్లాబ్ పోశారు. సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడ్డాయి. పెయింట్ అయిపోయాక వైరు లాగబోతే తెలిసింది. మూడు ఫ్లాట్ల గోడలు మళ్లీ చెక్కారు. ఆ ఇళ్లవాళ్ల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

*ఇప్పటికే స్లాబ్ అయిపోయిందా?* ఫాల్స్ సీలింగ్ ఉంటే దానిలోంచి పైపులు తీసుకెళ్లండి. లేకపోతే గోడ, సీలింగ్ కలిసే మూలలో పీవీసీ కేసింగ్ వేయండి. సన్నని పారదర్శక ఫైబర్‌ను గోడకు అతికించే పద్ధతి కూడా ఉంది. అందంగానే ఉంటుంది గానీ దాని ద్వారా కరెంటు పంపలేరు, సీలింగ్ పరికరానికి విడిగా సాకెట్ ఇవ్వాలి.

4. కరెంటు, ఎర్తింగ్

కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందని చెప్పేవాళ్లను అడగండి, ఆ ఇంటి ఎర్తింగ్ ఎవరూ కొలిచి ఉండరు. మన దగ్గర నేల కింద బండరాయి. ఒక ఎర్త్ పిట్‌తో (ఎర్త్ కడ్డీ దించే గుంతతో) సరిపోదు. లోతుగా రెండు మూడు పిట్లు వేసి, బెంటొనైట్ మట్టి నింపి, అన్నిటినీ కలపండి. పిడుగు రాడ్‌కు విడిగా పిట్ ఉండాలి, కానీ కింద అన్ని పిట్లూ ఒకే ఎర్త్ బార్‌కు కలవాలి. మొత్తం బిల్డింగ్ రీడింగ్ 1 ఓమ్ కంటే తక్కువ వచ్చేదాకా పని ఒప్పుకోకండి. వానాకాలంలో కొలిస్తే ఎవరికైనా మంచి రీడింగ్ వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి.

మెయిన్ ప్యానెల్‌లో ఒకటి, ప్రతి ఫ్లాట్ డీబీలో (ఇంటి స్విచ్ బోర్డు డబ్బాలో) ఒకటి సర్జ్ ప్రొటెక్షన్ పరికరం (వోల్టేజి ఒక్కసారిగా ఎగిసిపడితే ఆపేది) పెట్టండి. ఎర్తింగ్ బాగా లేకపోతే అది ఉన్నా లేనట్టే.

పని గదికి విడి సర్క్యూట్ ఇవ్వండి: 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సొంత 16 ఆంప్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే ఆపే స్విచ్), టేబుల్ ఎత్తులో ఆరు సాకెట్లు. దీనికి 30 మిల్లీ ఆంప్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) కూడా విడిగానే ఉండాలి. కారణం చిన్నదే. కంప్యూటర్ పవర్ సప్లైలన్నీ కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి కరెంటు వదులుతాయి. అలాంటివి అరడజను ఒకచోట చేరితే ఆర్సీసీబీ ఊరికే పడిపోతుంది. ఇంటి మొత్తానికి ఒక్కటే ఉంటే ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. విసుగొచ్చి దాన్ని తీయించేసినవాళ్లున్నారు. అది ప్రాణానికే ముప్పు.

జనరేటర్ అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఆలోపు రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, కాల్ పోతుంది. ఇంటి ఇన్వర్టర్ లైన్‌ను డేటా బాక్స్ సాకెట్ దాకా తీసుకురండి. ఈ ఒక్క వైరు మర్చిపోయిన ఫ్లాట్లు చాలా ఉన్నాయి.

5. పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్లు

"20 కార్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడి నుంచి తెస్తాం?" అని భయపడతారు. లెక్క వేద్దాం. అందరూ ఒకేసారి 7.4 కిలోవాట్ల ఛార్జర్లు ఆన్ చేస్తే 148 కిలోవాట్లు కావాలి. నిజమే, అది కుదరదు. కానీ రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు 6 యూనిట్లు చాలు. 20 కార్లకు 120 యూనిట్లు. రాత్రి 8 గంటల్లో పంచితే సగటున 15 కిలోవాట్లు. వంతులవారీగా కరెంటు పంచే లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న ఛార్జర్లు పెడితే 25, 30 కిలోవాట్లు పక్కన పెట్టుకున్నా సాఫీగా సాగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2019లో సవరించిన మోడల్ బిల్డింగ్ బైలాస్ పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి ఛార్జింగ్ సదుపాయం ఉండాలంటాయి. మీరు మాత్రం దారి అన్ని స్లాట్లకూ ఇవ్వండి. ఛార్జర్ కావలసినవాళ్లు తర్వాత పెట్టుకుంటారు.

మన అపార్ట్‌మెంట్లలో మీటర్ల బోర్డు స్టిల్ట్‌లోనే ఉంటుంది కాబట్టి పని సులువు. బోర్డు నుంచి స్లాట్ల మీదుగా సీలింగ్‌కు కేబుల్ ట్రే వేయించండి. ఎవరి మీటరు నుంచి వాళ్ల స్లాట్‌కు వైరు వెళ్తే బిల్లు గొడవ ఉండదు. 32 ఆంప్ ఛార్జర్‌కు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 10. ప్రతి దానికీ సొంత ఎంసీబీ, టైప్ ఎ ఆర్సీసీబీ ఉండాలి. టైప్ ఏసీ అనే మామూలు రకం ఆర్సీసీబీ ఇక్కడ పనికిరాదు.

హెచ్చరిక: మెట్ల కింద, లిఫ్ట్ తలుపు ఎదురుగా ఛార్జింగ్ పాయింట్ ఎప్పుడూ ఇవ్వకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. మెట్ల దారిన పైకెక్కిన పొగ వాళ్లను బయటకు రానివ్వలేదు. స్కూటర్ల ఛార్జింగ్ చోటు గాలి ఆడే బయటి అంచున, మెట్లకు దూరంగా ఉండాలి.

6. పని గది

టెక్నాలజీ ఇష్టపడేవాళ్లు నిజంగా వాడుకునే ఉమ్మడి గది ఇదే. సోల్డరింగ్, త్రీడీ ప్రింటర్, సైకిల్ రిపేరు, పిల్లల సైన్స్ ప్రాజెక్టులు అన్నీ ఇక్కడికే వస్తాయి. డ్రాయింగ్ గీసేముందు వీలైతే రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌ను (కొత్త పరికరాల నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రాన్ని) ఒకసారి చూసిరండి. మీ గది దానిలో వందో వంతు కూడా ఉండదు గానీ, పనిముట్లు ఎలా అమర్చారో, దుమ్ము పనినీ ఎలక్ట్రానిక్స్‌నూ ఎలా వేరు చేశారో అర్థమవుతుంది.

ముందు అనుమతి సంగతి. పార్కింగ్‌లో రెండు స్లాట్లు మూసి గది కట్టేయకండి, అది ప్లాన్ ఉల్లంఘన. మంజూరైన ప్లాన్‌లోనే సొసైటీ గదిగా చూపించండి. ఫ్లాట్లు అమ్మాక ఉమ్మడి ప్లాన్ మార్చాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

గది 12 అడుగులకు 14 ఉంటే హాయిగా సరిపోతుంది. గోడ పొడవునా మూడడుగుల ఎత్తులో కడప బండతో టేబుల్ కట్టించండి. సోల్డరింగ్ వేడికి చెక్కలా మాడదు, కదలదు. చిన్న చిప్‌లతో పనిచేసేచోట స్టాటిక్ మ్యాట్ (స్థిర విద్యుత్తు చిప్‌ను చెడగొట్టకుండా ఆపే చాప) పరిస్తే చాలు. టేబుల్ వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. అది బయటి గాలిలోకి వదలాలి గానీ బాత్రూమ్ షాఫ్ట్‌లోకి కాదు. ఆ షాఫ్ట్‌లోకి వదిలితే సోల్డరింగ్ పొగ పై ఇళ్లలోకి చేరుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే ఘాటైన వాసన వస్తుంది, ఆ ప్రింటర్‌ను మూత ఉన్న డబ్బాలో పెట్టి దాని గొట్టం కూడా బయటికి ఇవ్వండి.

తలుపు పక్కన మొత్తం సాకెట్లు ఆపే ఎర్ర బటన్ ఒకటి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒకటి, ఇసుక బకెట్ ఒకటి తప్పనిసరి. డ్రోన్ బ్యాటరీలు ఇనుప పెట్టెలో, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయాలని గోడ మీద రాయించండి. మీరు యంత్రాలు కొనిపెట్టక్కర్లేదు. గది సరిగ్గా ఉంటే అవి వాళ్లే తెచ్చుకుంటారు.

*గదికి చోటు లేకపోతే:* ప్రతి ఫ్లాట్ యుటిలిటీ బాల్కనీలో ఒక 16 ఆంప్ సాకెట్, ఎగ్జాస్ట్‌కు నాలుగంగుళాల రంధ్రం ఇవ్వండి.

7. కాల్స్ గదులు

ఆఫీసు కాల్స్ మాట్లాడుకోవడానికి ఉమ్మడిగా రెండు చిన్నవి చాలు. నాలుగు పక్కలా గాజు పెట్టకండి, మాట ప్రతిధ్వనిస్తుంది. ఇటుక గోడ, కింద రబ్బరు సీలు ఉన్న తలుపు, గోడకు మందపాటి బట్ట ప్యానెల్.

8. టెర్రస్

సోలార్‌కు 1 కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్లు పెడితే లిఫ్ట్, మోటార్లు, కామన్ లైట్ల బిల్లులో పెద్ద భాగం తగ్గుతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి వాడకానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. వాటర్ ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద పడకుండా ట్యాంకును ఉత్తరం వైపు కట్టండి.

టెర్రస్ నుంచి టెలికాం గదికి రెండు ఖాళీ పైపులు వదలండి. అమెచ్యూర్ రేడియో (హామ్ రేడియో) లైసెన్సు ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో కూడా ఇక్కడే ఉంది. యాంటెన్నాకు ఒక గట్టి స్తంభం, దానికి ఎర్త్ ఇచ్చారంటే వాళ్లు మిమ్మల్ని మర్చిపోరు.

9. కెమెరాలు, గేటు, పాస్‌వర్డ్‌లు

కెమెరాల నెట్‌వర్క్, నివాసుల ఇంటర్నెట్ విడివిడిగా ఉండాలి. పరికరాలతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్పించండి. బిగించినవాళ్ల దగ్గరే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండిపోవడం చాలా మామూలుగా జరుగుతోంది. ఇంటి గుమ్మాల వీడియో బయటివాళ్ల చేతిలో ఉండటమంటే చిన్న విషయం కాదు. అసోసియేషన్ ఏర్పడగానే పాస్‌వర్డ్‌లు సీల్ కవర్‌లో అప్పగించి సంతకం తీసుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి?

*స్లాబ్‌కు ముందు రోజు:* డ్రాయింగ్ చేతిలో పట్టుకుని పైపులు లెక్కపెట్టండి. ప్రతి పైపులో తాడు ఉందా, చివర మూత ఉందా చూడండి. గోడ నుంచి ఎంత దూరమో టేపు పక్కన పెట్టి ఫోటో తీయండి. రేపు ఏసీ బిగించేవాడు డ్రిల్ పెట్టేటప్పుడు ఈ ఫోటోలే కాపాడతాయి.

*పెయింట్‌కు ముందు:* ప్రతి పైపులోని తాడు అటూ ఇటూ లాగి చూడండి. కదలకపోతే అప్పుడే బాగు చేయించండి. కేబుల్ టెస్టర్‌లో 8 తీగలూ వరుసగా వెలగాలి. లైట్లు వెలిగితే చాలదు, రెండు ల్యాప్‌టాప్‌లు రెండు చివర్లా పెట్టి పెద్ద ఫైల్ కాపీ చేయండి. గిగాబిట్ లైన్ మీద సెకనుకు 100 మెగాబైట్లకు అటూ ఇటూగా రావాలి. 11 దగ్గర ఆగిపోతే ఏదో ఒక జత సరిగ్గా తగల్లేదు.

*ఫైబర్:* కనెక్షన్ ఇచ్చాక ఫ్లాట్ దగ్గర పవర్ మీటర్ రీడింగ్ మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటితే ఎక్కడో వంగింది, లేదా అతుకు సరిగ్గా పడలేదు.

*సాకెట్లు:* న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. 2, 3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆర్సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి.

*వైఫై:* తలుపులన్నీ మూసి, చివరి బెడ్‌రూమ్ బాత్రూమ్‌లో నిలబడి వీడియో కాల్ చేయండి. అక్కడ నిలిస్తే ఇల్లంతా నిలుస్తుంది.

*తాళాలు ఇచ్చేముందు చివరి పరీక్ష:* సాయంత్రం ఒక ఫ్లాట్‌లో అన్ని ఏసీలూ వేసి, రెండు గదుల్లో రెండు కాల్స్ పెట్టి, కింద మెయిన్ స్విచ్ ఆపించండి. జనరేటర్ అందుకునేలోపు రెండు కాల్స్‌లో ఏది తెగినా నాలుగో అంచెకు తిరిగి వెళ్లి డేటా బాక్స్‌కు ఇన్వర్టర్ వైరు వచ్చిందో లేదో వెతకండి.